ఐదో సోఫా

జనవరి 9, సోమవారం

బడి నుంచి చీటీ వచ్చింది. ఇరవై ఎనిమిదిన వార్షికోత్సవం. వైదేహి డాన్స్ చేస్తుందట. ఒకటో తరగతి పిల్లలు ఎనిమిది మంది, అంశం పేరు 'ఆదివాసీ నృత్యం'. ఎనిమిది మందీ కొంటా బజారు వీధి దుకాణాల పిల్లలే. హాస్టల్లో ఉండి చదివే ఆదివాసీ పిల్లలు ఆ రోజు ఏం చేస్తారని ప్రిన్సిపాల్ మేడమ్‌ను ఫోన్లో అడిగాను. చప్పట్లు కొడతారని చెప్పింది.

కాగితం తిప్పితే వెనక ఇంకో చీటీ. కుర్చీలు మూడు వందలు, సోఫాలు ఐదు, జంపఖానాలు పది, మైకు సెట్టు, జనరేటర్, షామియానాలు నాలుగు. నీలం రంగువి అయితే ఫొటోల్లో బాగుంటాయని కింద గీత గీశారు. ఒకే కాగితానికి రెండు వైపులా నేనే ఉన్నాను. ముందు తండ్రిని, వెనక టెంట్ హౌస్‌ను.

నీలం షామియానా చిరిగిందని చెప్పి పంపాను.

జనవరి 10

చిరగలేదు. జూన్‌లో వైదేహి వాళ్ళమ్మ పదకొండో రోజు అయ్యాక విప్పి మడతపెట్టినది మడతపెట్టినట్టే ఉంది.

జనవరి 12

భద్రాచలం నుంచి అత్తయ్య ఫోన్.

"ఆడపిల్లను ఆ కర్రల నడుమ, గుడ్డల నడుమ ఎట్ల పెంచుతవయ్యా? తెల్లారి లేస్తే హలో హలో మైక్ టెస్టింగ్ అంటవ్. ఆ బడి పండుగేదో కానియ్యి, నేనొచ్చి తోల్కపోత. ఇక్కడ బళ్ళు లేవా ఏంది?"

మంచిదే అత్తయ్యా అన్నాను.

ఆలోచిస్తే నిజంగానే మంచిది. అక్కడ తెలుగు బడి ఉంది, మేనమామ పిల్లలు ఉన్నారు, ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారు. ఇక్కడ నేనున్నాను. కాగితం మీద పెట్టి చూసినా మంచిదే.

నాకు సమ్మతమే.

జనవరి 15, ఆదివారం

రిహార్సల్ మా గోదాములో. బడిలో హాలు ఒకటే, అందులో ఎన్నికల పెట్టెలు ఉన్నాయి. డాన్స్ మేడమ్ జగదల్‌పూర్ నుంచి శని, ఆదివారాలు బస్సులో వస్తుంది. ఇవాళ అట్టపెట్టె నిండా వేషాలు తెచ్చింది. ప్లాస్టిక్ పూసలు, గులాబీ రంగు ఈకలు, ఒక్కొక్కరికి కాగితపు గుజ్జుతో చేసిన రెండు కొమ్ములు, కొమ్ములకు బంగారు రంగు.

"ఇది బస్తర్ గుర్తింపు" అని మేడమ్ హిందీలో పిల్లలకు వివరించింది.

పొజ్జే మా గోదాములో దేగిసాలు తోముతుంది. ఆదివాసీ మనిషి, ఊరు గొల్లపల్లి దాటాక అడవి లోపలికి. జూన్ నుంచి వైదేహికి తల దువ్వడం కూడా ఆమే చేస్తోంది. ఎవరూ చెప్పలేదు. వైదేహి నెత్తిన కొమ్ములు చూడగానే బూడిద చేతులతోనే నోరు మూసుకుని నవ్వింది.

"కొమ్ములు మొగోళ్ళు గదా సావుకారి పెట్టుకునేది. ఆడోళ్ళు పెట్టుకోని ఏం పొడుస్తరు?"

ఆమె ఏమంటోందని మేడమ్ అడిగింది. చాలా బాగున్నాయంటోందని చెప్పాను.

మేడమ్ నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. ఎనిమిది మందీ ఆ గీత మీదే ఉండాలి. ముఖాలు ముందుకు, నవ్వు చెదరకూడదు. ముఖ్య అతిథికి ఎట్టి పరిస్థితిలోనూ వీపు చూపకూడదు. రెండు గంటలు అదే నేర్పింది. అడుగులు వచ్చే వారం నేర్పుతుందట.

జనవరి 18

అన్నం తింటుండగా వైదేహి అడిగింది.

"నాన్నా, నేను డాన్స్ జేసేటప్పుడు నువ్వు యాడ కూసుంటవ్?"

"ఆంప్లిఫయర్ కాడ."

"అది స్టేజీ పక్కకుంటది. నాకు అవుపడవు."

"పాట వేసేది నేనే గదా. పాట వినబడ్తది."

"పాట నువ్వు గాదు." కాసేపు నమిలింది. "ముందల కూసో. నువ్వు ముందల లేకుంటే నేను జెయ్య."

ఆరేళ్ళ పిల్ల మాట. రేపటికి మరచిపోతుంది.

మా నాన్న నియమం ఒకటి ఉంది. కిరాయి సరుకు మీద మనం కూర్చోకూడదు. కార్యక్రమం జరిగేటప్పుడు టెంట్ హౌస్ మనిషి ఆంప్లిఫయర్ పెట్టె మీద కూర్చుంటాడు, లేదా నిలబడతాడు. ఆయన ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. జగదల్‌పూర్‌లో బీఎస్సీ ఫిజిక్స్ చదివి వచ్చి, ధ్వని గురించి అన్నీ తెలిసినవాడిగా నేను పదకొండేళ్ళుగా నిలబడుతున్నాను. ఈ ఊళ్ళో ఎవరు దేని మీద కూర్చోవాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ముఖ్య అతిథికి సోఫా, మధ్య సీటు. ఆఫీసర్లకు సోఫా, అంచు సీటు. కాంట్రాక్టర్లకు మెత్త కుర్చీ, తెల్ల తువ్వాలుతో. దుకాణదారులకు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. మాస్టర్లకు చేతుల్లేనిది. ఆదివాసీలకు జంపఖానా. ఎవరి గురించి కార్యక్రమమో వాళ్ళే కింద కూర్చుంటారు. ఇందులో ఎప్పుడూ పొరపాటు జరగలేదు.

జనవరి 19

మరచిపోలేదు.

జనవరి 22

కుర్చీలు కడిగించాం. మూడు వందల కుర్చీల వెనకా ఎర్ర రంగుతో హిందీలో పేరు రాసి ఉంటుంది. పెళ్ళయిన ఏడాది నేనే రాయించాను. దుకాణానికి కొత్తగా వైదేహి అమ్మ పేరు పెట్టాం, పైగా దొంగల భయం. అప్పుడు ఆమె నవ్వింది. "ఊరంత నాకు వీపు ఆనించి కూసుంటరన్నట్టు" అంది.

వైదేహికి అక్షరాలు బడిలో రాలేదు. ఈ కుర్చీల వెనక వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకుంది. అందుకే మొదట చదవడం వచ్చిన మాట అదొక్కటే. ఇవాళ కడిగిన ప్రతి కుర్చీనీ చదివింది. మూడు వందల సార్లు.

నేను సోఫాల సంగతి చూశాను. ఐదూ బాగానే ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం ఇవి కొత్తగా దిగిన రోజు ఒకటి ఇంట్లో పెట్టుకుందామని వాళ్ళమ్మ అడిగింది. "ఊరోళ్ళకు ఐదు సోఫాలు, మనింట్ల చాప" అని. అవి కిరాయివి అన్నాను. మళ్ళీ అడగలేదు.

జనవరి 24

ఇరవై ఎనిమిది కాదట. ముఖ్య అతిథికి ఆ రోజు వేరే ప్రారంభోత్సవం ఉంది. ఫిబ్రవరి నాలుగు.

జనవరి 26

ఐదు చోట్ల జెండా, ఐదు చోట్ల మైకు. ఐదు చోట్లా అదే పాట, అదే ఉపన్యాసం. లడ్డూలు మాత్రం వేరు వేరు.

జనవరి 29, ఆదివారం

మేడమ్ మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. పిల్లలు ఇళ్ళకు పోలేదు. గోదాం వెనక దేగిసాలు తోమే చోటు నుంచి చప్పుడు వస్తుంటే వెళ్ళి చూశాను.

పొజ్జే పని ఆపేసి పాడుతోంది. వాళ్ళ ఊరి రేల పాట. పిల్లలు ఎనిమిది మందీ గుండ్రంగా నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, పక్కకు రెండు అడుగులు, ఒకటి వెనక్కి. అందరి ముఖాలూ లోపలికే. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వైదేహి ఇవతలి వైపు ఉన్నప్పుడు నాకు కనబడింది జడ. చుట్టు తిరిగి అవతలి వైపు వెళ్ళినప్పుడు ముఖం. మళ్ళీ జడ. చుట్టుకు ఒకసారి నన్ను చూసింది.

పాట అయ్యాక పొజ్జేను అడిగాను.

"వీపులు చూపిస్తున్నరు గదా. చూసేటోళ్ళు ఏమనుకుంటరు?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "చూసేటోళ్ళేంది సావుకారి? వచ్చినోళ్ళందరు ఆడుతరు."

చూసేవాళ్ళు లేని కార్యక్రమం. వేదిక అక్కర్లేదు, సోఫా అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. ఇది మా వ్యాపారానికి చాలా ప్రమాదకరమైన సంస్కృతి.

ఫిబ్రవరి 2

నాలుగు కాదట. ఏడు, మంగళవారం.

నాలుగే అనుకుని వారం మధ్యలోనే వచ్చి రిహార్సల్ చూసిన మేడమ్ పిల్లలు గుండ్రంగా తిరగడం కనిపెట్టింది. కోపం వచ్చింది. "ఈ జంగ్లీ అడుగులు ఎవరు నేర్పారు?" అంది. మేడమ్, ఇది ఆదివాసీ నృత్యమే కదా అన్నాను. అదే చెబుతున్నాను, ఆదివాసీ నృత్యంలో ఇవన్నీ ఉండకూడదు అంది. మళ్ళీ సుద్దగీత గీసింది. ఈసారి లావుగా.

ఫిబ్రవరి 5

అత్తయ్య మధ్యాహ్నం బస్సు దిగింది. రాగానే ఇల్లు ఊడ్చింది. తరవాత పిల్ల బట్టలు ఒక సంచీలో సర్దింది. గౌన్లు, పలక, ఎర్ర స్వెట్టర్. ఎనిమిదో తేదీ పొద్దున బస్సుకు ఇద్దరూ వెళతారు. సంచీ గుమ్మం పక్కన పెట్టింది. నేను రెండుసార్లు కాలు తగిలించుకున్నాను. సంచీ అక్కడ ఉండకూడదు, దారికి అడ్డం. అంతే.

రాత్రి భోజనాల దగ్గర వైదేహి మళ్ళీ అడిగింది, ముందు కూర్చుంటావా అని. పనుంటదమ్మా అన్నాను.

అత్తయ్య తల ఎత్తకుండానే అంది. "మైకు గుర్రుమంటే మూడు అంగల్లో పోయి నిలబడ్తవ్. నా బిడ్డ ఎన్నిసార్లు చెప్పుకుందో నాకు. పిల్ల పిలిస్తే మటుకు పనుంటది."

ఎన్నిసార్లు చెప్పుకుందో నాకు తెలియదు. నాకు చెప్పలేదు.

పిల్ల వెళ్ళడం నాకు సమ్మతమే.

ఫిబ్రవరి 6

మైదానంలో సామాను దించాం. జవాన్లు కుక్కను తీసుకొచ్చారు. ముఖ్య అతిథి భద్రత కోసం మూడు వందల కుర్చీలూ వాసన చూసింది. చివరికి మధ్య సోఫా ఎక్కి పడుకుంది. దింపడానికి ఇద్దరు జవాన్లు కావలసి వచ్చారు. మా నాన్న నియమం కుక్కకు తెలియదు.

సన్న మా దగ్గర ఇరవై ఏళ్ళుగా గుంజలు పాతుతున్నాడు. నేను జనరేటర్ చూసి వచ్చేలోగా నీలం షామియానా కట్టేశాడు.

"అది చిరిగిందని చెప్పిన గదా."

"చిరగలే సావుకారి. మొత్తం విప్పి చూసిన."

ముడులు గట్టిగా ఉన్నాయా అని తాడు లాగి చూశాను.

"ఎండ బాగుంది. పిల్లలు కింద కూసుంటరు గదా." గుంజకు ఇంకో ముడి వేసి పోయాడు.

దాని కింద ఎక్కువసేపు నిలబడలేదు. పనులు ఉన్నాయి.

ఫిబ్రవరి 8, బుధవారం ఉదయం

నిన్నటిది రాస్తున్నాను.

కార్యక్రమం పదకొండింటికి. ముఖ్య అతిథి మూడున్నరకు వచ్చారు. అప్పటిదాకా పిల్లలు కొమ్ములతో నిలబడ్డారు. కూర్చుంటే ఈకలు నలుగుతాయని మేడమ్ కూర్చోనివ్వలేదు. వైదేహి కొమ్ములు వదులై కళ్ళ మీదికి జారుతున్నాయి. పైకి తోస్తోంది, జారుతున్నాయి. హాస్టల్ పిల్లలు వంద మంది జంపఖానాల మీద, చప్పట్లకు సిద్ధంగా.

నేను ఆంప్లిఫయర్ పెట్టె మీద కూర్చున్నాను. స్టేజీ పక్క నుంచి వైదేహి తల ఒక్కటే పెట్టి సోఫాల వైపు చూసింది. తరవాత నా వైపు. తల వెనక్కి తీసుకుంది.

దీపం వెలిగించారు. గాలికి ఆరింది, మళ్ళీ వెలిగించారు, ఫొటో కోసం మూడోసారి వెలిగించారు. పూలగుత్తులు ఇరవై రెండు. ప్రిన్సిపాల్ మేడమ్ నివేదికలో బడి సాధించిన ప్రగతి ఉంది. ప్రకటనలు చదివే మాస్టరు ప్రతి పది నిమిషాలకు "కుర్చీలు, షామియానా, మైకు, ఇందుమతి టెంట్ హౌస్ వారివి" అని గుర్తు చేశాడు. అది వాళ్ళు మర్యాదకు చెప్పేది, పదకొండేళ్ళుగా చెబుతున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను వంగి వైర్లు సర్దాను. నిన్న వైర్లు చాలాసార్లు వదులయ్యాయి.

పిల్లల డాన్స్ మొదటి అంశం. దాన్ని ఉపన్యాసం తరవాతికి మార్చారు, అతిథి అలసిపోయారని.

ముఖ్య అతిథి మధ్య సోఫాలో మధ్య సీట్లో కూర్చున్నారు. పూలగుత్తులు అందుకుంటున్నంతసేపూ ఆయన ముఖంలో ఏదో బాధ. ఒక పక్కకు ఒరిగేవారు, కాసేపటికి ఇంకో పక్కకు. పెదవులు బిగించి, కళ్ళు సగం మూసి. ప్రజల కష్టాలు ఆయన ముఖంలో కనిపిస్తున్నాయని మాస్టరు మైకులో అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. తరవాత లేచి ఉపన్యాసం చదివారు. నిలబడగానే ముఖం తేరుకుంది. ఆ రోజు ఆయనకు రెండు కార్యక్రమాలు ఉన్నట్టుంది, కాగితాలు తారుమారయ్యాయి. చేతిపంపు గురించి మాట్లాడారు. ఈ పంపు మీ అందరిదీ, దీన్ని శుభ్రంగా ఉంచుకోండి, చుట్టూ నీళ్ళు నిలవనివ్వకండి అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ప్రిన్సిపాల్ మేడమ్ అందరికంటే ముందు కొట్టింది.

ఐదింటికి ఆయన గడియారం చూశారు. చీకటి పడకముందే సుక్మా చేరాలి. లేచారు. ఆయనతో ఆఫీసర్లు లేచారు, ఆఫీసర్లతో కాంట్రాక్టర్లు, కాంట్రాక్టర్లతో మెత్త కుర్చీలన్నీ లేచాయి. పది బండ్లు, దుమ్ము. పదకొండో బండిలో డాన్స్ మేడమ్. చీకటి పడ్డాక జగదల్‌పూర్‌కు ఏ బండీ దొరకదు, ఆమె తప్పు లేదు. పాట ఉన్న పెన్‌డ్రైవ్ ఆమె పర్సులో ఉందని బండ్లు వెళ్ళాక తెలిసింది. ఫోన్ చేశాం. కలవలేదు.

మిగిలింది ఖాళీ సోఫాలు, వెనక వరసల్లో తల్లిదండ్రులు కొందరు, జంపఖానాల మీద హాస్టల్ పిల్లలు. వాళ్ళ బండి ఎప్పుడూ చివరనే వస్తుంది.

"పాట లేదు కాబట్టి ఆదివాసీ నృత్యం రద్దు" అని మాస్టరు చెప్పబోయాడు. అప్పటికే ఎనిమిది మందీ స్టేజీ మీదికి వచ్చేశారు. ఆరు గంటల పాటు నిలబడ్డ పిల్లలు. సుద్దగీత మీద వరసగా నిలబడి, మేడమ్ నేర్పినట్టు నవ్వుతున్నారు. ఎదురుగా ఐదు ఖాళీ సోఫాలకు వీపు చూపకుండా.

వంటపాత్రల దగ్గర నుంచి పొజ్జే గొంతు వచ్చింది. మామూలుగా, పని చేసుకుంటూ పాడినట్టే. ఒక పాదం అయ్యేసరికి జంపఖానాల మీద హాస్టల్ పిల్లలు అందుకున్నారు. చప్పట్లకు తెచ్చిన పిల్లలు. వంద గొంతులు.

స్టేజీ మీద వరస విరిగింది. పిల్లలు గుండ్రంగా జరిగి భుజాల మీద చేతులు వేసుకున్నారు. కొమ్ములు కొమ్ములు తగులుకున్నాయి. కిరాణా కొట్టు వెంకటనారాయణ గారి మనవరాలు ముందు తనవి తీసి పారేసింది. మిగతావాళ్ళూ తీసేశారు. వృత్తంలో ఒకరికి చోటు వదిలారు. ఆ చోటు వైదేహిది.

వైదేహి లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడింది. కొమ్ములు చేతిలో పట్టుకుని, ముందు సోఫాల వైపు చూసింది.

ప్రిన్సిపాల్ మేడమ్ నా దగ్గరికి వచ్చింది. "ఈశ్వర్‌రావ్ జీ, మైక్. ఆ పనిమనిషి దగ్గర మైక్ పెట్టండి, తొందరగా." నా చేయి మైకు తీగ మీదికి వెళ్ళింది కూడా. పదకొండేళ్ళ అలవాటు.

ఆంప్లిఫయర్ ఆపేశాను. కార్యక్రమం మధ్యలో అది ఆపడం అదే మొదటిసారి. స్పీకర్లలో గురగుర ఆగిపోయింది. అది ఎప్పుడూ ఉంటుందని, ఆగినప్పుడే తెలిసింది.

"ఏం చేస్తున్నారు జీ?"

"కూర్చుంటున్నాను మేడమ్."

ముందు నుంచి నడిచి వెళ్ళాను. పది అంగల దూరం ఉంటుంది. అందరూ చూస్తున్నారు, సన్న గుంజ పట్టుకుని చూస్తున్నాడు. మధ్య సోఫాలో మధ్య సీట్లో కూర్చున్నాను. ఏదో గట్టిగా పొడిచింది. స్ప్రింగ్. ఎన్నేళ్ళ నుంచి ఉందో. ముఖ్య అతిథి ముఖంలో ప్రజల కష్టాలు ఏమిటో అప్పుడు తెలిసింది. అంచుకు జరిగాను.

వైదేహి కొమ్ములు కింద పెట్టింది. పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి తన చోట్లో చేతులు వేసింది.

కాసేపటికి సోఫా ఇంకో వైపు దిగబడింది. అత్తయ్య. ఆమె కూడా మొదట మధ్యలోనే కూర్చోబోయి, అంచుకు జరిగింది.

"గిదేందయ్యా, గింత పొడుస్తుంది?"

"స్ప్రింగ్ అత్తయ్యా."

"ఇన్నేండ్లు ఎట్ల కూసున్నరు దీని మీద పెద్ద పెద్దోళ్ళు?"

"ఎవరూ చెప్పలేదు."

"చెప్తే ఇంకో సోఫాల కూసోబెడ్తరని భయం గావచ్చు" అంది.

ఇద్దరి మధ్యా చోటు అలాగే ఖాళీగా ఉంది. ఎవరూ అనుకుని వదిలింది కాదు.

వైదేహి ఇవతలి వైపు వచ్చినప్పుడు జడ. పొజ్జే వేసిన జడ, కింద ఎర్ర రిబ్బను. అవతలికి వెళ్ళినప్పుడు ముఖం. పిల్లలు నవ్వడం మానేశారు. అడుగు తప్పకుండా చూసుకుంటున్నారు. వైదేహి నోరు కదులుతోంది, పాడుతోంది. మేడమ్ చూసి ఉంటే ఒప్పుకునేది కాదు. చుట్టు తిరిగి నాకు ఎదురుగా వచ్చిన ప్రతిసారీ చూసింది. ఉన్నానా అని మొదట్లో. తరవాత ఊరికే.

పదిహేడు చుట్లు. లెక్క తప్పి ఉండవచ్చు. మధ్యలో రెండు మూడు చుట్లు సరిగా కనబడలేదు. జనరేటర్ వోల్టేజీ తక్కువగా ఉంది. అత్తయ్యకు కూడా కనబడనట్టుంది, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

పాట ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు. పొజ్జే ఆపినప్పుడు ఆగింది. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. అందరూ పాడినవాళ్ళే కదా.

వైదేహి స్టేజీ దిగి వచ్చింది. సోఫా చూసింది, నన్ను చూసింది.

"వెనకాల పేరు లేదు దీనికి" అంది.

"సోఫాలకు రాయరు. పెద్దోళ్ళు ఒప్పుకోరు."

"మనం పెద్దోళ్ళం గాదు గదా" అని మధ్యలో ఎక్కబోయింది. అత్తయ్యా నేనూ ఒకేసారి "అక్కడ గాదు" అన్నాం. నా ఒళ్ళో కూర్చుంది.

బస్సు హారన్ వినబడుతోంది. ఎనిమిది గంటల బస్సు. రాయడం ఆపి వెళుతున్నాను.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

పొద్దున అత్తయ్య చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. గుమ్మం పక్కన రెండు సంచులు. ఒకటి ఆమెది, ఒకటి పిల్లది. పిల్ల ఇంకా నిద్రలో ఉంది. లేపమంటుందేమో అనుకున్నాను.

"పిల్ల ఇక్కడే ఉంటది అత్తయ్యా" అన్నాను. ఆ మాట అనడానికి నెల పట్టింది. అన్నాక చూస్తే అర నిమిషం కూడా పట్టలేదు.

ఆమె నా వైపు చూడలేదు. వంగి పిల్ల సంచీ విప్పింది. పైన ఉన్న ఎర్ర స్వెట్టర్ తీసి, దులిపి, మేకుకు తగిలించింది. గౌన్లు తీసి చాప మీద పెట్టింది. పలక తీసి గోడకు ఆనించింది.

"నేనేమన్న అడిగిన్నా ఇప్పుడు?" అంది. ఖాళీ సంచీ మడిచి తన సంచీలో పెట్టుకుంది. "ఎండకాలం సెలవులకు పంపు. నువ్వు తోల్కరా, ఎవరితోనన్న పంపేవు."

"నేనే తెస్త."

"అప్పుడు మైకులుంటయ్ గదా. పెండ్లిండ్లు."

"ఉంటయ్."

"మరి?"

"సన్న చూసుకుంటడు."

బస్టాండు దాకా సంచీ నేను మోశాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలో నుంచి అంది. "ఆ స్ప్రింగ్ బాగు చేయించకు. నాలుగు దినాలు కూసోనియ్యి వాళ్ళను."

ఊరి చివర వంతెన దాటేదాకా బస్సు కనబడింది. వెనక్కి వచ్చేసరికి వైదేహి లేచి, మేకుకున్న స్వెట్టర్ చూస్తోంది. పళ్ళు తోముకోడానికి వెళ్ళింది.

ఫిబ్రవరి 9

బడి నుంచి సామాను వచ్చింది. నీలం షామియానా మడతపెట్టవద్దని సన్నకు చెప్పాను. శనివారం పెళ్ళికి అదే వేస్తున్నాం.

ఫొటోలు కూడా పంపారు. దీపం మూడు ఫొటోలు, పూలగుత్తులు ఇరవై రెండు, చేతిపంపు ఉపన్యాసం తొమ్మిది. ఆదివాసీ నృత్యం లేదు. ఫొటోగ్రాఫర్ బండ్లతోనే వెళ్ళాడట.

ఫిబ్రవరి 11

మధ్య సోఫా ఇంటికి తెప్పించాను. గుమ్మంలో పట్టలేదు. తలుపు ఊడదీశాం. పొజ్జే దాన్ని చుట్టూ తిరిగి చూసి, ఇంత పెద్దది ఇద్దరికెందుకు అంది. వైదేహి సుద్దముక్కతో వెనక రాస్తూ కూర్చుంది. ఏం రాసిందో చూడక్కర్లేదు. ఆమెకు బాగా వచ్చిన మాట అదే.

చాప చుట్టి పైన పెట్టాను.

ఫిబ్రవరి 13

ఒక అంచున వైదేహి, ఒక అంచున నేను. మధ్యలో ఎవరం కూర్చోము. స్ప్రింగ్ ఉంది. బాగు చేస్తానని సన్న అన్నాడు. వద్దన్నాను.

మధ్యాహ్నం బ్లాక్ ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. ఇరవైన ప్రారంభోత్సవం, అదే ముఖ్య అతిథి. ఏం ప్రారంభోత్సవమని అడిగాను. చేతిపంపు అన్నాడు. కుర్చీలు రెండు వందలు, జంపఖానాలు ఆరు, సోఫాలు ఐదు.

సోఫాలు నాలుగే ఉన్నాయని, ఐదోది చిరిగిందని చెప్పాను.